బురుజు దగ్గర వేసవి కచేరీలు: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి

కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మైదానంలో వేసవి శనివారాల్లో జరుగుతున్న కచేరీల గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: తప్పకుండా వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనూ తీసుకెళ్ళండి. టికెట్ లేదు, పాస్ లేదు, తెలిసినవాళ్ళ చేత ఫోన్ చేయించుకునే పని లేదు. సాయంత్రం ఏడింటికి మొదలై రాత్రి పది లోపల అయిపోతుంది. కాకపోతే ఇది ఊరి నడిబొడ్డు, ఆరుబయలు, పైగా మన మే నెల. ఏ ఆలోచనా లేకుండా బయల్దేరితే పాట సగం హారన్లలో పోతుంది, మిగతా సగం ఉక్కపోతలో పోతుంది. ఎప్పుడు చేరాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ వారం ఎవరిని తీసుకెళ్ళాలి అని ముందే అనుకుని వెళితే మాత్రం ఇంత మంచి సాయంత్రం మన ఊళ్ళో ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

నేను ఒక చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. ఆ చిన్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపించగానే చెయ్యి ఎత్తమని చెప్పేది నేనే. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి సంగీతం మీద ప్రేమ ఉంది, ఈ ఉద్యోగం వల్ల చెవుల మీద బెంగ ఉంది. పెళ్ళి ఊరేగింపులో డీజే బండి పక్కన గంటసేపు ఎగిరొచ్చి, రెండు రోజులుగా చెవిలో గుయ్యిమంటోందని వచ్చే పిల్లలను చూస్తుంటాను. వాళ్ళ రిపోర్టులో 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా సన్నని శబ్దాల దగ్గర, గీత గుంటలా కిందికి దిగుతుంది. పెద్ద శబ్దం చెవిని కొట్టిందనడానికి అది గుర్తు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు మనిషికి ఒకసారి పోతే మళ్ళీ రావు. అందుకే మైక్ సెట్ ఉన్న ఏ కార్యక్రమానికి వెళ్ళినా నేను ముందు చూసేది స్టేజీ అలంకారం కాదు, స్పీకర్లు ఎక్కడ పెట్టారు, ఎంత పెంచారు అన్నది.

ఈ కచేరీల్లో నాకు మొదట నచ్చింది అదే. పెట్టెల మీద పెట్టెలు పేర్చి గుండె అదిరేలా మోగించడం లేదు. స్టేజీకి రెండు పక్కలా ఒక్కో వరుస స్పీకర్లు, మైదానం మధ్యలో ఇంకో చిన్న జత, అంతే. ఆ మధ్య జత ఎందుకో చెప్పాలి. సామాన్యంగా వెనక ఉన్నవాళ్ళకు వినపడాలంటే ముందున్న స్పీకర్ల సౌండ్ పెంచేస్తారు. దాంతో ముందు కూర్చున్నవాళ్ళ చెవులు పోతాయి, వెనకవాళ్ళకు మోత తప్ప మాట తెలియదు. మధ్యలో ఇంకో జత పెడితే ముందువి తక్కువలో ఉంచవచ్చు. అయితే దానికో లెక్క ఉంది. మన వేసవి సాయంత్రం 35 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. స్టేజీ నుంచి 35 మీటర్ల దూరం రావడానికి దానికి సెకనులో పదో వంతు పడుతుంది. కరెంటు తీగలో వచ్చే శబ్దం మాత్రం అప్పటికప్పుడే వచ్చేస్తుంది. మధ్య స్పీకర్లను ఆ పదో వంతు ఆలస్యంగా మోగేలా సెట్ చెయ్యకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది, మృదంగం దెబ్బ రెండు దెబ్బలవుతుంది. ఇక్కడి సౌండ్ అబ్బాయి ఆరు గంటలకే వచ్చి, స్టేజీ మీద ఒకరిచేత చిటిక వేయిస్తూ, తను మైదానమంతా తిరుగుతూ దాన్ని సరిచేసుకుంటాడు. ఒకసారి దగ్గరికి వెళ్ళి చూస్తూ నిలబడ్డాను. "అక్కా, ఈడ రెండుగా వినపడ్తాందా, ఒకటిగానా?" అని నన్నే అడిగాడు. ఒకటిగానే వినిపించింది.

ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని చూశాను. ఫోన్ చూపేది ఉజ్జాయింపే, మా గదిలో ఉన్న పరికరంలా పక్కా కాదు. అయినా ఒక అంచనా వస్తుంది. శాస్త్రీయ సంగీతం ఉన్న రోజు శబ్దం కొలత మైదానం మధ్యలో 70ల డెసిబెల్స్‌లో, స్పీకరు ముందు వరుసలో 80ల మధ్యలో తిరిగింది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చనేది మా రంగంలో వాడే లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం తగ్గుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒక గంట. ఆ లెక్కన ఇక్కడ మూడు గంటలు నిశ్చింతగా కూర్చోవచ్చు. పక్కన ఉన్న మనిషితో అరవకుండా మాట్లాడగలిగితే శబ్దం హద్దులో ఉన్నట్టే. ఇది ఏ యాప్ లేకపోయినా ఎవరైనా చూసుకోవచ్చు.

పదిలోపు ముగించడం కూడా వాళ్ళ మంచితనం ఒక్కటే కాదు, నిబంధన. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. వీళ్ళు ఆ సడలింపు జోలికి పోకుండా తొమ్మిదీ నలభై ఐదుకల్లా మంగళం పాడించేస్తున్నారు. నాకు అందులో పెద్ద మర్యాద కనిపిస్తుంది. పగలు కాలిన నేల మీది వేడిగాలి శబ్దాన్ని పైకి వంచి తీసుకుపోతుంది. రాత్రి నేల చల్లబడే కొద్దీ అదే శబ్దం కిందికి వంగి ఇంకా దూరం పోతుంది. ఏడింటికి పక్క వీధిలో వినపడని పాట పదింటికి రెండు వీధుల అవతల నిద్రపోతున్న పసిబిడ్డకు వినపడుతుంది. ఆ ఇళ్ళవాళ్ళు వద్దనకుండా ఉంటేనే కదా వచ్చే ఏడాది మళ్ళీ జరిగేది.

ఇక ఎక్కడ కూర్చోవాలి? చాలామంది రాగానే ముందు వరుస కుర్చీల కోసం పరుగెత్తుతారు. అవసరం లేదు. మైదానం మధ్యలో సౌండ్ అబ్బాయి కూర్చుని శబ్దం హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సర్ బల్ల ఉంటుంది. దాని వెనక రెండు మూడు వరుసలు నా లెక్కలో అన్నిటికన్నా మంచి చోటు. అతను ఏది విని సరిచేస్తాడో మీరూ అదే వింటారు. అక్కడ జంబుఖానాలు పరిచి ఉంటాయి, వాటి పక్కనే ప్లాస్టిక్ కుర్చీలు. రోడ్డు వైపు అంచున మాత్రం కూర్చోకండి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆటోల రద్దీ తగ్గదు, సన్నని వయొలిన్ స్వరం మీద హారన్ పడితే మనసు చివుక్కుమంటుంది. రోడ్డుకు దూరంగా, మైదానం అవతలి పక్క గోడ వారగా కూర్చుంటే చప్పుడు బాగా తగ్గుతుంది. కానీ గోడకు ఆనుకోకండి. పగలంతా ఎండ తాగిన రాయి తొమ్మిదింటి దాకా వేడి వదులుతూనే ఉంటుంది.

పెద్దవాళ్ళ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కచేరీలకు నేను వెళ్ళేదే మా అత్తమ్మ కోసం. ఆమెకు డెబ్బై దాటాయి, రెండు చెవులకూ మిషన్లున్నాయి. మిషన్ పెట్టుకున్నాక పాట బాగోలేదని కచేరీలే మానేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తప్పు వాళ్ళది కాదు, పాటదీ కాదు. ఆ మిషన్‌ను తయారు చేసింది మాట వినిపించడానికి. వయొలిన్ మీద కదలకుండా సాగే దీర్ఘస్వరాన్ని అది తనలో పుట్టిన ఈల అనుకుని అణచడానికి చూస్తుంది, అప్పుడు స్వరం వణికినట్టు, నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మృదంగం దెబ్బ పడగానే మొత్తం తగ్గించేస్తుంది. చాలా మిషన్లలో సంగీతం కోసం వేరే ప్రోగ్రామ్ ఉంటుంది. మీకు మిషన్ అమర్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈల అణచే పనినీ, చప్పుడు తగ్గించే పనినీ బాగా తగ్గించిన ఒక ప్రోగ్రామ్ పెట్టివ్వమని అడగండి. బటన్ నొక్కితే మారిపోతుంది. గాలి కూడా ఒక ఇబ్బందే, మిషన్ మైకు మీద గాలి కొడితే బరబర శబ్దం వస్తుంది. మా అత్తమ్మ చీర కొంగు చెవుల మీదుగా కప్పుకుంటుంది, ఆ పల్చని నూలు గుడ్డ చాలు. పోయిన ఏడాది మొదటిసారి ప్రోగ్రామ్ మార్చి కూర్చోబెట్టినప్పుడు ఆలాపన సగంలో నా మోచెయ్యి పట్టుకుని, "ఇది మోహన కదే!" అంది. ఆమె ఒక రాగాన్ని విని పేరు చెప్పడం నేను ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

అక్కడి వలంటీర్లు కాలేజీ పిల్లలు. పెద్దవాళ్ళు కనపడితే వాళ్ళే కుర్చీ తెచ్చి, "జేజీ, ఈడ కూర్చో, ఈడ బాగ వినపడ్తది" అని కూర్చోబెడతారు. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను వెలుతురు ఉండగానే తీసుకెళ్ళి కూర్చోబెట్టడం మేలు.

సమయం సంగతి. మే నెలలో మనకు 42, 43 డిగ్రీలు మామూలే. సూర్యుడు ఆరున్నర దాటాక గానీ దిగడు. మంచి చోటు దొరకాలని ఐదున్నరకే వెళితే ఆ గంట ఎండలోనే మీ ఓపిక అయిపోతుంది. పాట మొదలయ్యేసరికి పిల్లలు ఇంటికి పోదామంటారు. ఆరుంబావుకు చేరితే సరిపోతుంది, మిక్సర్ వెనక చోటు అప్పటికి ఖాళీగానే ఉంటుంది. నూలు బట్టలు, ఒక తడిపిన తువ్వాలు, విసనకర్ర, మనిషికో లీటరు నీళ్ళు. మైదానంలో నీళ్ళ క్యాన్లు పెట్టారు గానీ ఎనిమిదింటికల్లా వేడెక్కిపోతాయి. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళకు మజ్జిగలో కాస్త ఉప్పు వేసి ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళ డాక్టరును అడిగి చెయ్యండి.

ఆ వేడి వాయిద్యాలను ఏం చేస్తుందో దగ్గరగా చూసే అవకాశం ఇలాంటి చోటే దొరుకుతుంది. ఏసీ హాల్లో ఇది కనపడదు. పొడి గాలికి చెక్క కుంచించుకుపోయి వయొలిన్ తీగలు బిగించే బిరడాలు జారుతుంటాయి, తీగలు వేడికి సాగి శృతి కిందికి దిగుతుంది. మృదంగంలో తోలు బిగుసుకుని శృతి పైకి పోతుంది. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంటుంది, ఆ రెంటినీ తంబురా శృతి దగ్గర కలిపి నిలబెట్టాలి. మృదంగానికి ఎడమ వైపు అంటించే రవ్వ ముద్ద మన గాలికి తొందరగా ఎండిపోతుంది. వయొలిన్ కచేరీ రోజు మృదంగం వాయించిన పెద్దాయన తడిగుడ్డ పక్కనే పెట్టుకుని, ప్రతి కీర్తన తర్వాత ముద్దను తడుపుకుంటూ, రాయితో, పుల్లతో అంచు తట్టి శృతి చూసుకుంటూ ఉన్నాడు. ఒక చోట శృతి కుదరడానికి కాస్త ఎక్కువ సమయమే పట్టింది. వెనక ఎవరో విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ రెండు నిమిషాలు కచేరీలో భాగమే అనిపించింది. శృతి కుదరకుండా మొదలుపెట్టని పట్టుదల ఎంత గొప్పదో మా అబ్బాయికి చూపించాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు, కీబోర్డు వాయిస్తాడు. బటన్ నొక్కితే శృతి వచ్చే వాయిద్యం వాడిది.

కర్నూలుకు ఇలాంటి సంగీతం కొత్త కాదు. కర్ణాటక సంగీత విద్వాంసుడు శ్రీపాద పినాకపాణి గారు (1913–2013) వైద్యుడిగా మన మెడికల్ కాలేజీలో పనిచేసి, ఈ ఊళ్ళోనే స్థిరపడ్డారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ లాంటివాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు. ఆయనకు 1983లో సంగీత కళానిధి బిరుదు, 1984లో పద్మభూషణ్ వచ్చాయి. అంత మనిషి నడిచిన ఊళ్ళో శాస్త్రీయ సంగీతం అంటే నలుగురు రసికులు గదిలో కూర్చుని వినేదన్నట్టు అయిపోయిందేమో అని నాకు బాధగా ఉండేది. మొన్న వయొలిన్ రోజు మా ముందు కూర్చున్నది కింగ్ మార్కెట్‌లో కూరగాయలు అమ్ముకుని ఖాళీ బుట్టలు పక్కన పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు. చివరి దాకా లేవలేదు. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే భాగం, అయ్యాక చప్పట్లు మొదలుపెట్టింది వాళ్ళే.

ఏ వారం ఎవరికి నచ్చుతుందో చెబుతాను. వరుసలు ఏటా మారవచ్చు గానీ రకాలు ఇవే. శాస్త్రీయ కచేరీ రోజు జనం కాస్త తక్కువ, మైదానం ప్రశాంతం, పెద్దవాళ్ళకు ఇదే మంచిది. పద్యాల రాత్రి అందరికన్నా మా మామయ్యకు ఇష్టం. హార్మోనియం మీద రాగం తీసి, పద్యం చివర ఊపిరి ఆపకుండా ఆలాపన సాగదీస్తే మైదానం నాలుగు మూలల నుంచీ "వన్స్ మోర్" వినపడుతుంది, గాయకుడు నవ్వి మళ్ళీ అందుకుంటాడు. పద్యనాటకాలకు పేరుపడ్డ సురభి నాటకం 1885లో పుట్టింది మన సీమలోని కడప జిల్లా సురభి గ్రామంలోనే. పద్యం మీద ప్రేమ ఈ సీమలో ఎంత లోతుగా ఉందో ఆ రాత్రి తెలుస్తుంది. తెలుగు పద్యం వినని పిల్లలను ఆ రోజు తప్పకుండా తీసుకెళ్ళండి. అర్థం కాకపోయినా ఊపు అర్థమవుతుంది.

జానపదం రాత్రి వేరే సంగతి. చెక్కభజన, కోలాటం, డప్పు, అనంతపురం వైపు నుంచి ఉరుముల బృందం. కళాకారులు స్టేజీ ఎక్కకుండా మైదానంలోనే వలయంగా ఆడారు. స్టేజీ పక్క ఇసుక పరిచి చిన్న మంట వేసుకుని డప్పులు కాచుకుంటుంటే పిల్లలంతా చుట్టూ చేరారు. కాగిన తోలు బిగుసుకుని ఖంగుమని మోగుతుంది. చల్లారితే మళ్ళీ కాచుకోవాలి. ఉరుము అనే ఆ వాద్యాన్ని ఒక పక్క కొడతారు, ఇంకో పక్క పుల్లతో రాస్తారు, ఆ రాపిడికి నిజంగానే దూరపు ఉరుములా ఒక గుర్రుమనే నాదం పుడుతుంది. ఆ రోజు వాళ్ళకు మైకులు అక్కర్లేదు. డప్పు దగ్గరి నుంచి వింటే చాలా పెద్ద శబ్దం, కాబట్టి చంటిపిల్లలను వలయానికి దూరంగా పెట్టుకోండి, లేదా చెవులకు కప్పే మఫ్స్ కొనండి. ఒకసారి కొంటే దీపావళికీ పనికొస్తాయి. దూది పెడితే సరిపోతుందనుకుంటారు, దూది శబ్దాన్ని ఆపేది చాలా తక్కువ.

కవ్వాలీ రాత్రికి ఊళ్ళోని వన్ టౌన్ ప్రాంతం మొత్తం వచ్చినట్టుంటుంది. ఉర్దూ అంతగా రాని నేను కూడా, పాడేవాళ్ళు ఒక వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి ప్రతిసారీ ఒక మెట్టు పైకి తీసుకెళ్ళే పద్ధతికి లొంగిపోయాను. పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ ప్రతి షేర్ (రెండు పాదాల ఉర్దూ పద్యం) అయ్యాక దాని భావం నాకు తెలుగులో చెప్పింది, అడగకుండానే. మన ఊరు ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఆ రాత్రి వెళ్ళండి.

పాత సినిమా పాటల ఆర్కెస్ట్రా రాత్రి ఒక్కటే నాకు నచ్చలేదు. పాటల వల్ల కాదు. ఆ రోజు ఆర్కెస్ట్రావాళ్ళు తమ సొంత సౌండ్ తెచ్చుకున్నారు, బేస్ పెట్టెలు నేల మీద పెట్టి, పాట పాటకూ పెంచుకుంటూ పోయారు. ముందు వరుసలో ఫోన్ 96 డెసిబెల్స్ చూపించింది. పైన చెప్పిన లెక్కలో చూసుకోండి, ఆ చోట గంట కూడా కూర్చోకూడదు. అదే రోజు జనం అన్నిటికన్నా ఎక్కువ, పిల్లలూ ఎక్కువ. నేను వెళ్ళి నిర్వాహకుల్లో ఒకాయనతో చెబితే విన్నారు, వెళ్ళి మాట్లాడారు, కాస్త తగ్గింది, తర్వాత మళ్ళీ పెరిగింది. ఆ రాత్రి వెళ్ళేవాళ్ళు మైదానం వెనక సగంలో కూర్చోండి, పాటలు హాయిగానే వినపడతాయి. నిర్వాహకులకు నా విన్నపం: ఎవరొచ్చినా మీ సౌండ్ అబ్బాయే మిక్సర్ దగ్గర ఉండాలని ముందే ఒప్పందం రాసుకోండి.

తిండి బాగుంది, పెద్దగా ఆర్భాటం లేకుండా. మైదానం బయట బళ్ళు ఓ పది ఉంటాయి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఏడింటి లోపల తినేయండి, తర్వాత వరుస పెరిగిపోతుంది. నన్నారి షర్బత్ బండి ఒకటి ఉంది, నిమ్మకాయ పిండి, సబ్జా వేసి ఇస్తాడు. చక్కెర తక్కువ వెయ్యమని చెబితే నన్నారి వేరు వాసన బాగా తెలుస్తుంది. ఉడకబెట్టిన బుడ్డలు (వేరుశనగ కాయలు) పొట్లం కట్టి ఇస్తారు. మే చివర్లో బనగానపల్లె మామిడి ముక్కలు కోసి అమ్మేవాళ్ళూ వస్తారు, కానీ ఎప్పుడు కోశారో చూసుకుని తీసుకోండి, ఆ వేడికి కోసిన పండు ఎక్కువసేపు ఆగదు. మేమైతే ఇంటి నుంచి చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుపోతాం. విరామంలో అక్కడే తిని, ఆకులు అక్కడ పెట్టిన డబ్బాలో వేస్తాం. డబ్బాలు నిండితే వలంటీర్లు వెంటనే మారుస్తున్నారు, మరుసటి రోజు పొద్దున ఆ దారిన పోతూ చూస్తే మైదానం శుభ్రంగా ఉంది.

లోపం అంటే మరుగుదొడ్లు. ఆడవాళ్ళకు పెట్టినవి చాలా తక్కువ, వెలుతురు లేదు, ఎనిమిదిన్నరకు నీళ్ళు అయిపోయాయి. మూడు గంటల కార్యక్రమానికి ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా వచ్చి కూర్చుంటున్నారు, అదీ ఈ ఎండల్లో. ఇది చిన్న విషయం కాదు. షుగరున్న పెద్దావిడ ఒకరు దీని వల్లే విరామంలో వెళ్ళిపోవడం చూశాను. సంగీతానికి పెట్టే శ్రద్ధలో పావు వంతు దీనికి పెడితే సగం ఖాళీ అయ్యే మైదానం చివరి దాకా నిండుగా ఉంటుంది. అంతవరకు దగ్గర్లో తెలిసినవాళ్ళ ఇల్లో, హోటలో చూసుకుని వెళ్ళండి.

ప్రసంగాలు కూడా తగ్గాలి. ఒక్క సన్మానం, ఒక్క ముక్క మాట అనుకుంటే, శాలువాలకే అరగంట పోయిన రోజు ఉంది. పదింటికి ఆపక తప్పదు కాబట్టి ఆ అరగంట కోత పడింది పాటకే. ఆ రోజు రాగం తానం పల్లవి అని తీరిగ్గా విస్తరించి వాయించాల్సిన పెద్ద అంశం అనుకున్నది ఒక చిన్న కీర్తనతో సరిపెట్టారు. శాలువా కప్పేది ఆ కళాకారుడికే కదా, ఆయనకు కావాల్సింది వాయించడానికి సమయం.

గాలివాన సంగతి మర్చిపోకండి. మేలో పొద్దంతా కాలి సాయంత్రానికి ఒక్కసారిగా దుమ్ము లేచి ఉరుములు రావడం మనకు కొత్త కాదు. అలాంటి ఒక శనివారం ఎనిమిదింటికి పడమర మెరుపులు మొదలవగానే నిర్వాహకులు కచేరీ ఆపి, ఫ్లెక్సీలు దింపించి, స్టేజీకి కరెంటు తీసేయించి, జనాన్ని చెట్ల కింద, స్పీకరు స్తంభాల దగ్గర నిలబడొద్దని చెప్పి పక్క భవనంలోకి పంపించారు. చివరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగాలన్నది జాగ్రత్త చెప్పే నియమం. అంతసేపూ ఆగి, ఇక కుదరదని తేలాక వచ్చే వారం అదే కళాకారులు వస్తారని ప్రకటించారు. కొందరు గొణిగారు. నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది. ఆకాశం పడమర నల్లగా ఉంటే బయల్దేరే ముందు నిర్వాహకుల వాట్సాప్ సందేశం చూసుకోండి.

రాకపోకలు సులభం. ఆర్టీసీ బస్టాండ్ నుంచి, రాజ్ విహార్ నుంచి షేర్ ఆటోలున్నాయి. సొంత బండి తెస్తే మైదానం గేటు దగ్గర పెట్టకండి, అందరూ ఒకేసారి కదిలినప్పుడు బయటపడటానికి చాలాసేపు పడుతుంది. ఓ వీధి ఇవతల పెట్టి నడవండి. డోన్, నంద్యాల, ఆదోని వైపు నుంచి వచ్చేవాళ్ళు చివరి బస్సు సమయం ముందే కనుక్కుని, కావాలంటే తొమ్మిదింటి విరామంలో లేవండి. జనం మధ్యలోంచి పాట నడుస్తుండగా లేచి వెళ్ళడం పాడేవాళ్ళకు కష్టంగా ఉంటుంది.

వచ్చే శనివారం మళ్ళీ కవ్వాలీ ఉంది. మేము ఆరుంబావుకు మిక్సర్ బల్ల వెనక, గోడ వైపు ఉంటాం. మీ ఇంట్లో చెవి మిషన్ పెట్టుకున్న పెద్దవాళ్ళుంటే పాట మొదలయ్యే లోపల మా దగ్గరికి తీసుకురండి. మిషన్‌లో సంగీతం ప్రోగ్రామ్ ఉందో లేదో, ఉంటే ఏ బటన్ నొక్కాలో చూసి చెబుతాను.